లండనులో రామచిలుకలు

లండను నగరమున కెన్సింగ్టన్ గార్డెన్స్ అను ఉద్యానవనమునకు శీతకాలపు మధ్యాహ్నమున పోయినచో, ఆకులు రాలి మోడులై నిలిచిన చెట్లపైనుండి, మన జామతోటలలోను మామిడితోపులలోను చిన్ననాటినుండి విన్న ఆ కీచుకేకలే వినవచ్చును. ఎఱ్ఱని వంకరముక్కు, మగపక్షికి మెడచుట్టు నలుపును గులాబివన్నెయు కలిసిన కంటె, దేహముకంటె దీర్ఘమైన తోక గలిగిన ఆ పక్షి రామచిలుకయే. ఆపిలుముక్క పట్టుకొని చేయి చాచినవారి మణికట్టుపై అది నిర్భయముగా వ్రాలును. ముందునకు రెండు, వెనుకకు రెండుగా అమరిన వ్రేళ్లుగల ఒక కాలితో నిలద్రొక్కుకొని, రెండవకాలితో ముక్కను నోటికందించుకొని, తొక్కను పారవైచి గుజ్జును తినును.

ఈ పక్షి పాశ్చాత్యులకు క్రొత్తది కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమను పండితుడగు ప్లినీ, భారతదేశమునుండి వచ్చునట్టియు, పచ్చని మేనును మెడపై ఎఱ్ఱని వలయమును గలదియునగు మాటలాడు పక్షిని వర్ణించి, పలుకులు నేర్పునపుడు దాని తలపై ఇనుపకడ్డీతో కొట్టవలయునని కూడ వ్రాసెను. పంజరపు వాణిజ్యము నాటినుండి ఎడతెగక సాగినది. 1855లోనే ఇంగ్లండునందలి నార్ఫోక్ ప్రాంతమున ఒక జంట స్వేచ్ఛగా పిల్లలను పెట్టినట్లు తెలియుచున్నను, చిలుకలు ఆ దేశమున స్థిరపడసాగినది మాత్రము 1969లో కెంటు ప్రాంతమున గూడుపెట్టిన తరువాతనే.

ఇవి ఎట్లు వెలుపలికి వచ్చెనను ప్రశ్నకు లండనువాసులు రెండు కథలు చెప్పుకొందురు: 1951నాటి ‘ది ఆఫ్రికన్ క్వీన్’ చిత్రనిర్మాణ సమయమున ఐజిల్‌వర్త్ స్టూడియోనుండి తప్పించుకొన్నవని ఒకటి, గిటారు విద్వాంసుడగు జిమీ హెండ్రిక్స్ కార్నబీ వీథిలో ఒక జంటను ఎగురవేసెనని మఱియొకటి. లండనులోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, వరుసనేరములు జరిగిన స్థలములనుబట్టి నేరస్థుని నివాసమును ఊహించుటకు పోలీసులు ఉపయోగించు గణితపద్ధతినే చిలుకలు కనబడిన స్థలములకు అన్వయించి, ఆ రెండు కథలకును ఆధారము లేదని 2019లో తేల్చిరి. మూలము ఒక్కటి కాదు. అనేక గృహములనుండి అనేక సంవత్సరములపాటు ఒకటొకటిగా జాఱిపోయిన పక్షులే ఈ సంతతికి మాతాపితలు. 1929–30 ప్రాంతమున చిలుకజ్వరమును గూర్చిన వార్తలు పత్రికలలో వెలువడగా, భయపడిన యజమానులు కొందఱు తమ పక్షులను తామే విడిచియుందురని కూడ వారు భావించిరి. బ్రస్సెల్సులో మాత్రము కథ స్పష్టముగా నున్నది: 1974లో ఒక వినోదోద్యానపు యజమాని నగరమునకు వన్నె తెచ్చుటకై దాదాపు 40 చిలుకలను బుద్ధిపూర్వకముగా వదలెను.

పంజరము వీడిన ప్రతి పక్షియు ఇట్లు వర్ధిల్లునని తలపరాదు. కొనితెచ్చిన జాతులలో పదింట ఒకటి తప్పించుకొనుననియు, తప్పించుకొన్నవానిలో పదింట ఒకటి స్థిరపడుననియు, స్థిరపడినవానిలో పదింట ఒకటి ఉపద్రవముగా మాఱుననియు బ్రిటిష్ జీవశాస్త్రజ్ఞుడు మార్క్ విలియమ్‌సన్ ఒక స్థూలసూత్రమును చెప్పెను. మఱి రామచిలుక ఎట్లు నెగ్గినది? ఐరోపా చిలుకలలో అధికభాగము పాకిస్తానునుండియు ఉత్తరభారతమునుండియు పోయినవాని సంతతి యని డి.ఎన్.ఏ. పరీక్షలు తెలుపుచున్నవి, హిమాలయ పాదప్రాంతముల చలికి అలవడిన వంశమునకు లండను చలి దుస్సహము కాలేదు. పైగా పెద్దనగరము పరిసర గ్రామములకంటె వెచ్చనైనది. పక్షిప్రియులు పెరటిలో వ్రేలాడదీయు వేరుసెనగల బుట్టలు మంచుకాలమునను ఖాళీగా నుండవు. చిలుకకు స్వదేశమున లభింపని సౌఖ్యమును పరదేశపు మానవులే సమకూర్చిరి.

చిక్కు వచ్చునది తొఱ్ఱవద్ద. చిలుక గూడు అల్లనేరదు. వడ్రంగిపిట్ట విడిచిన తొఱ్ఱ నెన్నుకొని, ద్వారమును ముక్కుతో చెక్కి వెడల్పుచేసి, వసంతారంభముననే, ఇతర పక్షులు గూటికై వెదకుటకు పూర్వమే, ఆక్రమించును. చెట్టుబెరడుపై తలక్రిందుగా ప్రాకు నట్‌హాచ్ అను చిన్నిపిట్ట దీనివలన తావు కోల్పోవుచున్నదని బెల్జియము పరిశోధకులు చూపిరి. స్పెయినుదేశపు సెవిల్ నగరమున మరియా లూయిసా ఉద్యానవనములో జరిగినది అంతకంటె దారుణము. అచ్చటి తొఱ్ఱలలో ఐరోపాలోకెల్ల పెద్దదియు, రాత్రివేళ ఆకాశముననే చిన్నపక్షులను పట్టి తినగలదియునగు గ్రేటర్ నాక్‌ట్యూల్ అను అరుదైన గబ్బిలము నివసించును. పక్షులను వేటాడు ఆ గబ్బిలమే పగటివేళ తొఱ్ఱలో చిలుకముక్కునకు చిక్కి గాయపడి మరణించుచున్నది. 14 సంవత్సరములలో చిలుకల సంఖ్య 20 రెట్లు పెరుగగా, గబ్బిలములుండు చెట్లు 81 శాతము తగ్గినవి.

అట్లయిన చిలుకలను చంపవలయునా? సెషెల్స్ ద్వీపములలో, ప్రాలిన్ ద్వీపమునకు మాత్రమే పరిమితమైన నల్లచిలుకను కాపాడుటకై, పొరుగునున్న మాహే ద్వీపమున చేరిన రామచిలుకలను 2013నుండి కాల్చి నిర్మూలించిరి. మన తోటలలో పుట్టిపెరిగిన పక్షిజాతి అట్లు హతమగుట మనసును నొప్పించును. అయినను అది తప్పనిసరియైన పని యని నేను తలచుచున్నాను, ఏలయన నల్లచిలుకకు వేఱొక నివాసము లేదు. లండనులో అట్టి ఉపాయమునకు కాలము దాటిపోయినది. అదే బ్రిటను, పుల్లలతో పెద్దగూళ్లు కట్టు దక్షిణ అమెరికా మాంక్ చిలుకల విషయమున మాత్రము, అవి కొద్దిగా నున్నపుడే, 2011నుండి తొలగింప నారంభించి, వివేకము చూపినది.

భారతదేశము 1990–91లో స్వదేశపు అడవిపక్షుల వాణిజ్యమును నిషేధించినది. అడవులలో పట్టిన పక్షుల దిగుమతిని ఐరోపా సమాఖ్య 2007లో శాశ్వతముగా మానినది. అయినను మన బజారులలో రెక్కలు కత్తిరించిన రామచిలుకలును, తొఱ్ఱనుండి లాగి తెచ్చిన ఈకలురాని పిల్లలును నేటికిని చాటుగా అమ్ముడుపోవుచునే యున్నవి. పాఠకులకు నా విన్నపము: రామచిలుకను, విడిచిపెట్టు పుణ్యమునకై యైనను, కొనకుడు, కొన్నచో అమ్మువాడు మఱి రెండు పట్టితెచ్చును; అట్టి అమ్మకము కంటబడినచో అటవీశాఖవారికి తెలుపుడు; ఇంట పెంచుచున్న విదేశపక్షిపై విసుగు పుట్టినచో దానిని బయట వదలక, సాకగలవారి చేతికి అప్పగింపుడు.