కంపెనీ చాట్ యాప్ మూతపడుతోందా? పాతది డిలీట్ చేసే ముందు ఓటీ, షిఫ్ట్ మెసేజ్‌లు దాచుకోండి

"వచ్చే నెల నుంచి ఈ యాప్ పనిచేయదు. అందరూ కొత్త యాప్ వేసుకోండి." కంపెనీ గ్రూప్‌లో ఇలాంటి మెసేజ్ రాగానే చాలామంది కొత్త యాప్ డౌన్‌లోడ్ చేస్తారు, ఫోన్‌లో జాగా లేదని పాతది డిలీట్ కొట్టేస్తారు. చిక్కు వచ్చేది ఇక్కడే. గ్రూప్ పేరు అదే ఉంటుంది, మనుషులూ వాళ్లే ఉంటారు. కానీ పాత మెసేజ్‌లు కొత్త యాప్‌లోకి వస్తాయన్న గ్యారంటీ లేదు.

ఇది సాఫ్ట్‌వేర్ ఆఫీసుల గోల, మనకెందుకులే అనుకోవద్దు. ఇస్నాపూర్ చౌరస్తా నుంచి పాశమైలారం, రుద్రారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు వెళ్లే కార్మికులకూ ఇప్పుడు చాలా సమాచారం ఫోన్‌లోనే అందుతోంది. రేపు ఏ షిఫ్ట్? ఆదివారం ఓటీ ఉందా? సెలవు ఇచ్చారా, లేదా? మెషిన్ దగ్గర లీకేజీ ఉందని ఎవరు, ఎప్పుడు చెప్పారు? అన్నీ ఆ చాట్‌లోనే ఉంటాయి. అపాయింట్‌మెంట్ లెటర్ చేతికి రాని కాంట్రాక్ట్ కార్మికుడికైతే, తాను అక్కడ పనిచేశానని చూపించే రాత ఒక్కోసారి ఆ చాట్ మాత్రమే.

మన దగ్గరే జరిగింది.. కైజాలా కథ

తెలుగు రాష్ట్రాల్లో దీనికి మంచి ఉదాహరణ మైక్రోసాఫ్ట్ కైజాలా. 2017 జులైలో ఈ యాప్‌ను ఇండియాలో లాంచ్ చేశారు. సిగ్నల్ సరిగా లేని చోట, 2జీ నెట్‌వర్క్ మీద కూడా నడిచేలా తయారుచేశారు. ఈమెయిల్ అక్కర్లేదు, ఫోన్ నంబర్ ఉంటే చాలు. మెసేజ్‌లతో పాటు హాజరు, సర్వే, పని అప్పగించడం లాంటివన్నీ అందులోనే చేసుకోవచ్చు. కంప్యూటర్ ముందు కూర్చోకుండా ఫీల్డ్‌లో తిరిగే ఉద్యోగులకు అది బాగా సరిపోయింది.

అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని పెద్ద ఎత్తున వాడింది. 30కి పైగా శాఖల్లో 70 వేల మందికి పైగా వాడుతున్నారని లాంచ్ సమయంలో మైక్రోసాఫ్ట్ చెప్పింది. 2018లో తెలంగాణ ప్రభుత్వం కూడా శాఖల మధ్య సమాచారం కోసం, ప్రజలతో టచ్‌లో ఉండటం కోసం కైజాలాను తీసుకుంది.

కానీ 2023 ఆగస్టు 31న కైజాలా రిటైర్ అయిపోయింది. టీమ్స్‌కు మారాలని మైక్రోసాఫ్ట్ సూచించింది. అంటే ఆరేళ్లలో ఒక యాప్ వచ్చింది, అలవాటైంది, పోయింది కూడా.

ఫోన్ నంబర్ పోయి లాగిన్ ఐడీ వస్తే?

ఈ మార్పులో పైకి కనిపించని తేడా ఒకటుంది. కైజాలాలోకి ఫోన్ నంబర్‌తో ఎవరైనా రావచ్చు. టీమ్స్ లాంటి యాప్‌లను ఆఫీసు పనికి వాడాలంటే మామూలుగా సంస్థ ఇచ్చే అకౌంట్ ఉండాలి. ఆ అకౌంట్ ఎవరికి ఇవ్వాలో కంపెనీయే నిర్ణయిస్తుంది.

పర్మనెంట్ ఉద్యోగికి లాగిన్ వస్తుంది. మరి కాంట్రాక్టర్ కింద పనిచేసే వాళ్లకు? ఒడిశా, బిహార్ నుంచి వచ్చి రెండు నెలల కిందటే చేరిన కుర్రాడికి? ఒక్కో అకౌంట్‌కు కంపెనీ డబ్బు కట్టాల్సి వస్తే, ముందు జాబితాలోంచి పోయే పేర్లు వీళ్లవే. పాత గ్రూప్‌లో అందరితో పాటు సేఫ్టీ మెసేజ్ అందుకున్న మనిషి, కొత్త గ్రూప్‌లో అసలు ఉండడు. పైగా ఉద్యోగం మానేసిన రోజే కంపెనీ అకౌంట్ ఆపేస్తే, పాత చాట్ చూసే దారి కూడా మూసుకుపోతుంది.

ఎవరు లోపల ఉన్నారన్న లెక్క ఎంత ముఖ్యమో ఈ ప్రాంతానికి ఎవరూ చెప్పక్కర్లేదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. తమ వాళ్ల ఆచూకీ కోసం కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూశాయి. ఆ ప్రమాదానికీ చాట్ యాప్‌కూ సంబంధం లేదు. కానీ షిఫ్ట్ లిస్ట్, ఇంటి వాళ్ల ఫోన్ నంబర్లు ఒక్క యాప్‌లోనే ఉంచి, ఆ యాప్ మారేటప్పుడు సగం పేర్లు జారిపోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇంకా ఏమేం మూతపడ్డాయి?

అట్లాసియన్ కంపెనీ హిప్‌చాట్ 2019 ఫిబ్రవరిలో ఆగిపోయింది. స్కైప్ ఫర్ బిజినెస్ ఆన్‌లైన్ సర్వీస్‌కు 2021 జులై 31 చివరి రోజు. మామూలు స్కైప్ 2025 మే 5న మూతపడింది. అయితే స్కైప్ వాడినవాళ్లకు కాస్త ఊరట దొరికింది. అదే అకౌంట్‌తో టీమ్స్‌లోకి వెళ్తే పాత చాట్‌లు, కాంటాక్ట్‌లు కనిపించాయి.

అన్ని కంపెనీలూ ఇలా చేయవు. మెటా సంస్థ తన వర్క్‌ప్లేస్‌ను మూసేస్తున్నట్టు 2024 మేలో ప్రకటించింది. 2025 సెప్టెంబర్ 1 నుంచి చదువుకోవడానికి, డేటా దించుకోవడానికి మాత్రమే అని, 2026 మే 31 తర్వాత అదీ ఉండదని చెప్పింది. అంటే పాత డేటా కావాలంటే కంపెనీ అడ్మిన్ గడువులోగా దించుకోవాల్సిందే.

మూతపడకపోయినా మెసేజ్‌లు పోయే సందర్భాలున్నాయి. స్లాక్ ఫ్రీ ప్లాన్‌లో 90 రోజులు దాటిన మెసేజ్‌లు కనిపించవు. ఏడాది దాటినవి పూర్తిగా డిలీట్ అయిపోతాయి.

కార్మికులు, ఉద్యోగులు ఏం చేయాలి?

1. ముందు తేదీలు కనుక్కోండి. కొత్త మెసేజ్‌లు ఆగేది ఒక తేదీ, పాతవి చూడటం ఆగేది ఇంకో తేదీ కావచ్చు. మీకు ముఖ్యమైనది రెండోది.

2. మీకు సంబంధించినవి మాత్రమే దాచుకోండి. షిఫ్ట్, ఓటీ, సెలవు, జీతం మెసేజ్‌లు, ప్రమాదం గురించి మీరు చేసిన ఫిర్యాదు, దానికి వచ్చిన జవాబు. కంపెనీ ఫార్ములాలు, కస్టమర్ల వివరాల జోలికి వెళ్లొద్దు. అది మీకే ఇబ్బంది తెస్తుంది.

3. స్క్రీన్‌షాట్‌లో పంపినవారి పేరు, తేదీ, టైమ్ కనిపించాలి. ఒక్క మెసేజ్ కత్తిరించి పెట్టుకోకుండా పైనా కిందా ఉన్నవి కూడా తీసుకోండి. వాట్సాప్ గ్రూప్ అయితే ఎక్స్‌పోర్ట్ చాట్ ఆప్షన్ ఉంటుంది. కొన్ని గ్రూప్‌ల్లో ప్రైవసీ సెట్టింగ్ వల్ల అది పనిచేయకపోవచ్చు.

4. ఫ్యాక్టరీలో నిర్ణీత గంటలు దాటి చేసిన పనికి మామూలు రేటుకు రెట్టింపు వేతనం ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఓటీ డబ్బుల పేచీ నడుస్తుంటే పాత ఫోన్ అమ్మేయొద్దు, ఫార్మాట్ చేయొద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డు కాపీని కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ కూడా జతచేయాలి. అసలు మెసేజ్ ఉన్న ఫోన్ చేతిలో ఉంటే పని తేలికవుతుంది.

5. కొత్త గ్రూప్‌లో మీ పేరు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే సూపర్‌వైజర్‌ను అడగండి. మీతో పాటు పనిచేసే, తెలుగు రాని తోటి వాళ్లకూ ఈ మాట చేరవేయండి.

హెచ్‌ఆర్, సూపర్‌వైజర్లకు

పాత గ్రూప్‌ను ఒక్కసారిగా ఆపేయకండి. కొన్ని వారాలు రెండూ నడపండి. పేర్ల లిస్ట్‌ను పాత గ్రూప్‌తో కాకుండా గేటు దగ్గర హాజరు రిజిస్టర్‌తో సరిచూడండి. అప్పుడే కాంట్రాక్ట్ కార్మికులు లెక్కలోకి వస్తారు. ఎమర్జెన్సీ నంబర్లు, షిఫ్ట్ లిస్ట్ కాగితం మీద కూడా ఉంచండి, అది కూడా ప్లాంట్ బయట. కొత్త యాప్ ఎలా వాడాలో హిందీ, ఒడియా వాయిస్ మెసేజ్‌లతో చెబితే అందరికీ అర్థమవుతుంది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల కోసం గేటు దగ్గర నోటీస్ బోర్డు తీసేయొద్దు.

ఈ టైమ్‌లోనే మోసగాళ్లు వస్తారు

యాప్ మారుతోందని అందరికీ తెలిసినప్పుడు ఫేక్ మెసేజ్‌లు నమ్మించడం ఈజీ. "కంపెనీ కొత్త యాప్ ఇదే, ఈ ఏపీకే ఫైల్ ఇన్‌స్టాల్ చేయండి, లేకపోతే జీతం ఆగిపోతుంది" అని వస్తే ముట్టుకోవద్దు. ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ నుంచే వేసుకోండి. లింక్ పంపింది నిజంగా మీ సూపర్‌వైజరేనా? ఒక్క ఫోన్ కొట్టి అడగండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి.

యాప్‌లు వస్తుంటాయి, పోతుంటాయి. మీరు చేసిన పని లెక్క మాత్రం మీ దగ్గరే ఉండాలి. అందుకే పాత యాప్ డిలీట్ కొట్టే ముందు ఒక్క అరగంట కూర్చుని చూసుకోండి.