నత్రజని బోరులోకి, భాస్వరం చెరువులోకి

ఊరి మురుగు చేరే చెరువు ఏదైనా ఎండలు ముదిరేసరికి పచ్చబడుతుంది, గుర్రపుడెక్క పరుచుకుంటుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపున్న చెరువులకూ ఇదే నియమం. తప్పంతా పొలాల్లో చల్లిన యూరియాదే అనడం మనకు అలవాటు. అందులో సగమే నిజముంది. యూరియా మట్టిలో నైట్రేట్‌గా మారుతుంది. నైట్రేట్‌ను మట్టి పట్టి ఉంచలేదు కాబట్టి నీటితోపాటే దిగి బోరులో చేరుతుంది. భాస్వరపు లవణమైన ఫాస్ఫేట్ తీరు వేరు. ఎర్రమట్టిలోని ఇనుము, సున్నం దాన్ని గట్టిగా పట్టేస్తాయి. అది కదలాలంటే వానకు మట్టే కొట్టుకుపోవాలి, లేదా మరుగుదొడ్ల నీరు, సబ్బునీరు నేరుగా చెరువులో కలవాలి. ఈ రెండు లవణాలనూ ‘కాలుష్యం’ అనే ఒక్క మాటలో కలిపేసినంతకాలం చెరువూ బాగుపడదు, బోరూ బాగుపడదన్నది నా వాదన.

చెరువు పచ్చబడడంలో భాస్వరానిదే పైచేయి అనడానికి బలమైన సాక్ష్యం కెనడాలో ఉంది. 1973లో అక్కడి శాస్త్రజ్ఞులు 226వ నంబరు సరస్సును మధ్యలో తెర కట్టి రెండు చేశారు. ఒక సగంలో కర్బనం, నత్రజని మాత్రమే వేశారు. రెండో సగంలో వాటికి భాస్వరం కూడా జోడించారు. భాస్వరం పడిన సగమే ఆకుపచ్చగా మారింది. కారణం కష్టమైనదేమీ కాదు. నీలి-ఆకుపచ్చ నాచుల్లో కొన్ని తమకు కావలసిన నత్రజనిని గాలినుంచి లాక్కోగలవు, భాస్వరాన్ని అలా తెచ్చుకోలేవు. సముద్రపు నాచులో ప్రతి భాస్వర పరమాణువుకూ సుమారు 16 నత్రజని పరమాణువులుంటాయని ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ తేల్చాడు. మురుగుతో భాస్వరం ఎక్కువై ఆ నిష్పత్తి చెడితే, గాలి నత్రజనితో బతికే నాచులదే రాజ్యం. వాటిలో కొన్ని, ఆ నీరు తాగిన పశువుల ప్రాణం తీసేంత విషాన్ని వదులుతాయి.

అలాగని రెండింటినీ సున్నాకు తేవాలనుకోవడమూ పొరపాటే. గాజుతొట్టెలో పగడాలు పెంచేవారు ఒకప్పుడు ఆ దారే పట్టి, పగడాలు పాలిపోతుంటే నిలిచిపోయారు. నైట్రేట్ దండిగా ఉండి ఫాస్ఫేట్ కరువైతే పగడం వేడికి త్వరగా తెల్లబోతుందని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో చూపించారు. ఇప్పుడు పగడాలు పెంచేవారిలో చాలామంది లీటరుకు నైట్రేట్ 2 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య ఉండేలా చూసుకుంటారు. ఇక మనం తాగే నీటి సంగతికొస్తే, నైట్రేట్‌కు భారత ప్రమాణం పెట్టిన హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. అది దాటిన నీటితో కలిపిన పాలు పసికందు రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తాయి. దేశమంతటా 2023లో తీసిన భూగర్భజల నమూనాల్లో దాదాపు అయిదింట ఒకటి ఈ హద్దు దాటిందని కేంద్ర భూగర్భజల బోర్డు చెప్పింది.

హిందూపురం వైపు మల్బరీ తోటలున్నాయి. నీటివసతి ఉన్న వి-1 రకం మల్బరీకి ఏడాదికి హెక్టారుకు 350 కిలోల నత్రజని, 140 కిలోల భాస్వరం, 140 కిలోల పొటాష్ సిఫారసు. యూరియా తగ్గిస్తే ఆకు రాదని రైతు అనే మాట న్యాయమైనదే. అయితే ఆ 350 కిలోలూ అయిదు ఆకుకోతలకు పంచాల్సినవి. ఒకేసారి కుమ్మరిస్తే మొక్క తాగలేనిది బోరుకే పోతుంది. 45 కిలోల యూరియా బస్తా 266.50 రూపాయలకే దొరుకుతుంటే చేయి అటే జారుతుంది, దానికి రైతునొక్కణ్నే తప్పుపట్టలేం. గాలి నత్రజనిని తానే వాడుకునే వేరుశనగకు మాత్రం ఆ ధారాళం అక్కరలేదు. పట్టు నేసే ధర్మవరం సంగతి ఇంకొకటి. పచ్చిపట్టు బరువులో దాదాపు నాలుగో వంతు జిగురే, అదంతా మాంసకృత్తే. రంగు అద్దేముందు సబ్బు, సోడా నీటిలో ఉడకబెట్టి దాన్ని తీస్తారు. ఆ నీటిని శుద్ధిచేయకుండా వదిలితే కాలువలోకి నత్రజనిని వదిలినట్టే.

కరువుసీమ చెరువు ఎలాగూ ఎండుతుంది, ఎండితే శుభ్రమే కదా అని కొందరంటారు. నీరు ఆవిరవుతుంది గాని ఫాస్ఫేట్ పూడికలోనే ఉండిపోతుంది, మళ్లీ తడవగానే కొంత నీటిలోకి లేస్తుంది. మైలుతుత్తం చల్లితే నాచు చస్తుంది, కుళ్లిన నాచు తన భాస్వరాన్ని తిరిగి నీటికే ఇస్తుంది. పూడికమట్టిని పొలాలకు తోలుకునే పాత అలవాటు ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. చెరువుకు చెడు చేసేది చేనుకు బలమవుతుంది. రంగునీళ్లు కలిసిన చెరువు మట్టిని మాత్రం లోహాల పరీక్ష చేయించకుండా తోలకూడదు.

నీళ్లు తేవడం ఈ నేలకు తెలిసిన విద్యే. 1388లో జలసూత్ర నిపుణుడు సింగయభట్టు పెన్న నీటిని పెనుకొండకు మళ్లించాడని శాసనం ఉంది. ఇప్పుడు హంద్రీ-నీవా పథకం కృష్ణా నీటిని పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయందాకా తెచ్చింది. ఆ నీటితో ఏటా నిండే చెరువుకు ఎండే సమయం ఉండదు, పూడిక తీసే అదనూ దొరకదు. కాబట్టి నీళ్లు వదలకముందే పూడిక తీయించండి, మురుగు కాలువను చెరువు దారినుంచి తప్పించండి. చెరువులో ఫాస్ఫేట్, బోరులో నైట్రేట్ ఎంతున్నాయో ఏడాదికి రెండుసార్లు కొలిపించి, ఆ అంకెలను పంచాయతీ గోడమీద రాయించమని మీ వార్డు సభ్యుణ్ని అడగండి.