గృహహింస నివారణ: చట్టం చేసినది, సమాజం చేయవలసినది

నాలుగు గోడల మధ్య జరిగే దౌర్జన్యం చాలాకాలం ఆ ఇంటి సొంత వ్యవహారంగానే చెలామణి అయింది. బజారులో పరాయివాణ్ణి కొట్టినవాడు నేరస్థుడు. ఇంట్లో భార్యను కొట్టినవాడు మాత్రం కోపిష్ఠి భర్త! ఈ తేడా చెల్లదని చెప్పడానికి మన దేశంలో చట్టానికి చాలా ఏళ్ళే పట్టింది.

1983లో భారత శిక్షాస్మృతిలో 498-ఎ సెక్షను చేర్చి, భార్యపట్ల భర్త, అతని బంధువులు చూపే క్రూరత్వాన్ని నేరంగా ప్రకటించారు. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహితలోని 85, 86 సెక్షన్లు అమలులో ఉన్నాయి. అయితే ఇది నేరస్థుణ్ణి శిక్షించగలదే గాని, ఆ రాత్రి ఆమె ఎక్కడ తలదాచుకోవాలి, పిల్లలను ఎవరు పోషించాలి అన్న ప్రశ్నలకు పరిష్కారం చూపలేదు.

ఈ లోటు తీర్చడానికే 2005లో గృహహింస నుండి మహిళల రక్షణ చట్టాన్ని చేశారు. అది 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చింది. దెబ్బలే గాక లైంగిక హింస, దూషణ, ఖర్చులకు డబ్బివ్వకుండా బాధించడం కూడా ఈ చట్టం దృష్టిలో హింసే. ఇల్లు తన పేర లేకపోయినా అందులో నివసించే హక్కు ఆమెకుంది. రక్షణ, నివాసం, పోషణ, పిల్లల తాత్కాలిక సంరక్షణ, నష్టపరిహారం గురించి మెజిస్ట్రేటు ఉత్తర్వులివ్వవచ్చు. సాధారణంగా మొదటి విచారణ 3 రోజులలోగా జరగాలి. ఆపైన 60 రోజులలో కేసు పరిష్కరించడానికి ప్రయత్నించాలి. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘించినవారికి ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఈ చట్టానికి మతభేదం లేదు. ఇతర చట్టాల క్రింద లభించే హక్కులకు ఇది అదనమే గాని, వాటిని తగ్గించేది కాదు. కనుక ముస్లిం స్త్రీ దీనిని ఆశ్రయించినంత మాత్రాన మహర్‌పై ఆమె హక్కు పోదు. వివాహ బంధం తెగిపోయినా, అంతకు ముందు జరిగిన హింసపై ఫిర్యాదు చెల్లుతుందని 2014లో ఒక ముస్లిం మహిళ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మరి హింస ఎందుకు ఆగలేదు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో 29.3 శాతం భర్త చేతిలో హింసకు గురైనవారే. శారీరక, లైంగిక హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతం మాత్రమే. బాధితులకు అండగా నిలవవలసిన ప్రొటెక్షన్ ఆఫీసర్ల నియామకమూ సక్రమంగా జరగలేదు. చివరకు 2025లో సుప్రీంకోర్టు ఈ విషయమై రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది.

రెండవ అడ్డంకి సమాజంలోనే ఉంది. దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన అమ్మాయికి 'సర్దుకుపోవాలి' అని చెప్పి పంపడం పెద్దరికం కాదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఏ స్త్రీపైనా, ఏ సేవకునిపైనా చేయి చేసుకోలేదని హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) సాక్ష్యమిచ్చారు. ఆ ఆదర్శాన్ని చెప్పుకునే జమాతు పెద్దలు రాజీ మాట ఎత్తే ముందు ఆమె ప్రాణానికి భద్రత ఉన్నదో లేదో చూడాలి. 181 నంబరుకు ఫోను చేయించాలి. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉందని చెప్పి, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తోడు వెళ్ళాలి. నికాహ్‌కు సాక్షులుగా నిలిచినవారు ఈ పాటి సాయం చేస్తే, పార్లమెంటు చేసిన చట్టం పేద ఇంటి గడపదాకా చేరుతుంది.