పాత ఆటోమేటిక్ బండిని కొనుటకు ముందు

మారేడుపల్లిలో మాకు చూపిన బండి అద్దమువలె మెరయుచుండెను. ఎస్.యు.వి. యనబడు ఎత్తైన కుటుంబపు బండి; ఎడమకాలికి పనిలేని ఆటోమేటిక్. మోకాళ్లనొప్పుల అత్తగారును బడిపిల్లలును గల యింటికి అట్టి బండి యెంత సుఖమో వేఱుగ చెప్పనక్కఱలేదు. మేమును మురిసితిమి. కాని ముందరి మూతపై చేయి వేయగా వెచ్చగా నుండెను. మేము పోవుటకు ముందే ఇంజనును నడిపి యుంచిరి! చల్లని ఇంజను మొదట చేయు చప్పుడును, పొగయును వేడెక్కినపిమ్మట చాలవఱకు మఱుగుపడును. మఱునాటి యుదయము వచ్చెదము, అంతవఱకు బండిని కదల్పవలదని చెప్పి వచ్చితిమి. మఱునాడు గేరు వేసినంతనే బండి ఒక్క కుదుపు కుదిపెను. బేరము మానుకొంటిమి.

సోదరీమణులారా, అమ్మువానిని ముందుగా గేరుపెట్టె యే రకమో అడుగుడు. ఆటోమేటిక్ అను నొక్క పేరుతో పలురకములు చలామణి యగుచున్నవి. ఏ.ఎం.టి. యనునది మామూలు గేరుపెట్టెయే. క్లచ్చిని మన కాలికి బదులు ఒక చిన్న యంత్రము నొక్కును. చవుకైనది, కొంచెము కుదుపుగలది, క్లచ్చి యరుగునది. టార్క్ కన్వర్టరులో శక్తి నూనె ద్వారా ప్రసరించును గనుక బండి మెత్తగా సాగును. రెండు క్లచ్చిలుగల డి.సి.టి. చురుకైనదే, కాని ప్యాట్నీ, ప్యారడైజుల వద్ద అడుగడుగునకు ఆగు రద్దీలో పొడిక్లచ్చిల రకము వేడెక్కును. వారంటీ తీరిన అట్టిదానిని కొలదిధనముగల గృహిణికి మేము చెప్పజాలము.

బండిపేరు మాత్రము నమ్మిన చాలదు. మారుతీవారి బ్రెజానే చూడుడు. 2018లో డీజిలు బండికి ఏ.ఎం.టి. వచ్చెను, 2020లో పెట్రోలు బండికి నాలుగు గేర్ల టార్క్ కన్వర్టరు, 2022లో ఆరు గేర్లది వచ్చెను. పేరొక్కటే, పెట్టెలు మూడు! మా మట్టుకు 2020 నాటిదే నచ్చినది. పెట్రోలు కొంత యెక్కువ త్రాగునుగాని నడక నెమ్మది.

2020 అక్టోబరు వరదలలో మన జంటనగరముల బండ్లెన్నియో మునిగినవి. కావున సీటుబెల్టును కడవఱకు లాగి చూడుడు, బురదచార కనబడవచ్చును. క్రింది తివాసి నెత్తి వాసన చూచుటకు సిగ్గుపడవలదు. పిమ్మట, మీకు తెలిసిన మెకానికును వెంటబెట్టుకొని పొండు. అమ్మువాడు చూపిన మెకానికు వలదు. అతని కూలి దండుగ కాదు.

చేతనున్న సొమ్మంతయు బండికే పోయరాదు. టైర్లకు, బ్యాటరీకి, గేరునూనెకు పదియవ వంతైన మిగుల్చుకొనవలెను.

కాగితముల సంగతి మగవారికి విడువకుడు. 29, 30 సంఖ్యల ఫారములపై అమ్మువాని సంతకము కావలెను. బండిపై అప్పుండి తీరినచో 35వ ఫారము, పరరాష్ట్రపు బండియైనచో అచటి నిరభ్యంతరపత్రము తప్పవు. పేరు మార్చిన పదునాలుగు దినములలో బీమాయు మీ పేరునకు మార్చుటకు దరఖాస్తు పెట్టుడు. లేకున్న ప్రమాదమున మీ బండికి కలిగిన నష్టమునకు సొమ్ము రాకపోవచ్చును. మీ పాతబండి నమ్మునపుడును ఇంతే జాగ్రత్త వలయును: రికార్డులో ఎవరిపేరున్నదో వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. బండి తాళము లిచ్చిననాడే పేరుమార్పు కాగితములు దాఖలుచేయించుడు.