చూరు అంచుకు ఏ సరుకు మంచిది?



ఇల్లు కట్టేటప్పుడు మనల్ని ఏమేం అడుగుతారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పొయ్యిగట్టు ఎంత ఎత్తుండాలి, దేవుడి గూడు ఏ మూల, అలమారలు ఎన్ని, అంతవరకే. కప్పు సంగతి మగవాళ్ళూ మేస్త్రీ కలిసి తేల్చుకుంటారు. తీరా వాన పట్టాక కారేచోట గిన్నె పెట్టేదీ, చెమ్మెక్కిన గోడ దగ్గర్నుంచి బియ్యం మూట లాగేదీ మాత్రం మనమే. అందుకని ఈ పూట చూరు అంచును గురించి మాట్లాడుకుందాం.

చూరంటే గోడ దాటి బయటికి వచ్చిన కప్పు కొస. పాత పెంకుటిళ్ళలో కొడవలి దోపేది అక్కడే, పాత ఉత్తరాలు చెక్కేది అక్కడే, పిచ్చుక గూడు పెట్టేదీ అక్కడే. కాని దాని అసలు పని ఒక్కటే, వాననీటిని గోడకు దూరంగా పడెయ్యడం. గోడ మట్టిదైతే ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. తడిసి నానిన మట్టిగోడ వాన కురుస్తుండగానే కూలనక్కరలేదు. తెరిపిచ్చాక, ఇంట్లో అందరూ పడుకున్న వేళ కూడా కూలుతుంది.

గిన్నెలోంచి పాలు మెల్లగా వంచితే ఏమవుతుంది? సగం పాలు గిన్నె పొట్ట వెంబడే కిందికి జారిపోతాయి. ముక్కున్న గిన్నె అయితే ధార తెగి పడుతుంది. కప్పు అంచూ అంతే. అంచు కొస వాడిగా లేకపోతే నీరు కింద పడకుండా అడుగుభాగాన్ని పట్టుకుని వెనక్కి, గోడ దాకా నడుస్తుంది. మన గుళ్ళలో మండపాల చుట్టూ కిందికి వంగిన రాతి చూరు చూసే ఉంటారు. శిల్పులు దాన్ని కపోతం అంటారు. అందానికి చెక్కారనుకుంటాం గాని, నీళ్ళు స్తంభాల మీదికి రాకుండా తెగి పడేందుకూ ఆ వంపు పనికొస్తుంది. చంద్రగిరి కోటలో రాజమహలును కర్ర వాడకుండా రాయీ ఇటుకా సున్నంతోనే కట్టారు. చెద పట్టేందుకు అందులో కర్రే లేదు. మనకు అంత స్తోమతు లేదు, కాబట్టి దొరికే సరుకుల్లోనే చూసుకోవాలి.

మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్యపు గాలితో వస్తాయి. శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు ఎక్కువ, మదనపల్లె, పుంగనూరు వైపు తక్కువ. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైపోయిన సంగతి మరచిపోయామా? వాన ఏటవాలుగా కొడుతుంది గనుక తూర్పు, ఉత్తరపు చూర్లు ముందు దెబ్బ తింటాయి. డబ్బు చాలకపోతే మంచి సరుకు ఆ రెండు వైపులా వేయించి, తక్కిన వైపుల కొంచెం తగ్గించుకోండి. వీధివైపు వాకిలి అందంగా కనబడాలని అక్కడే ఖర్చు పెట్టడం నాకు సరిగా తోచదు.

మంగుళూరు పెంకుల ఇల్లయితే వాసాల కొసలు కనబడకుండా అడ్డంగా ఒక పలక కొడతారు. తొందరగా పుచ్చిపోయేది ఈ పలకే. టేకు మంచిదే, కాని టేకంతా ఒకటి కాదు. మానులో చేవ భాగానికే ఆ గట్టిదనం. అంచున తెల్లగా ఉండే చెక్కను చెద వదలదు. కొనేటప్పుడు పలక రెండు వైపులా తిప్పి చూడండి. వేప చెక్కకు పురుగు పట్టదని పేరుంది, అయితే పచ్చిది కోసి బిగిస్తే మెలి తిరుగుతుంది, బాగా ఆరనివ్వాలి. ఎర్రచందనం మన శేషాచలం కొండల్లోదే కదా అని ఎవరైనా ఆశ పెడితే ఆ మాట వినకండి, చట్టం ఊరుకోదు.

ఏ చెక్కయినా నీళ్ళు ఎక్కువగా తాగేది కోసిన కొసల్లోనే. రంగు వేసేటప్పుడు ఎదుటివైపు మాత్రమే వేసి వెళ్ళిపోతారు. పలకను బిగించకముందే ముందూ వెనకా, పైనా కిందా, రెండు కొసలా నూనెరంగు పట్టించమని ఆచారికి గట్టిగా చెప్పండి. పెంకు కొస ఆ పలకను దాటి రెండంగుళాలైనా బయటికి ఉండాలి. మేకులు జింకు పూత ఉన్నవే వాడాలి. మామూలు ఇనుప మేకు తుప్పు పట్టి, దాని చుట్టూ ఉన్న చెక్కను కూడా పాడు చేస్తుంది.

చెక్క వద్దనుకునేవాళ్ళు అంచుకు జింకు రేకు మడిచి కొట్టిస్తారు. చవక, తేలిక. కాని కోసిన అంచున పూత ఉండదు, తుప్పు అక్కడే మొదలవుతుంది. కోసిన చోటల్లా రంగు వేయించాలి. పులికాట్ ఒడ్డున సూళ్ళూరుపేట వైపు ఉప్పుగాలికి జింకు త్వరగా పోతుంది. అల్యూమినియం రేకు తుప్పు పట్టదు గాని, పచ్చి సిమెంటు తగిలితే తినేస్తుంది, ఇనుప మేకు కొట్టినచోట తడికి చిల్లి పడుతుంది. ప్లాస్టిక్ పట్టీలు చూడ ముచ్చటగానే ఉంటాయి. ఎండను తట్టుకునే మందు కలపని చవక రకమైతే మన వేసవికి పెళుసెక్కి, కోతి ఒక్కసారి వేలాడితే విరుగుతుంది. తిరుపతిలో కోతులను లెక్కలో పెట్టుకోకుండా చూరు కడితే ఎలా?

పాత ఆస్‌బెస్టాస్ రేకులున్న ఇళ్ళవాళ్ళకు ఒక ముఖ్యమైన మాట. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు, కాన్సరు తెస్తుంది. అంచు సరిచేస్తామని ఆ రేకును రంపంతో కోయనివ్వకండి, బెజ్జాలు వేయనివ్వకండి. విరిగిన ముక్కలుంటే పొడిగా చీపురుతో ఊడ్చవద్దు. నీళ్ళతో తడిపి, తడిగుడ్డతో ఎత్తి, ఆ గుడ్డను కూడా పారెయ్యాలి. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకండి. కొత్తగా వేయించుకునేవాళ్ళు ఆస్‌బెస్టాస్ లేని సిమెంటు పలకలే అడిగి తీసుకోండి.

ఇప్పుడు చాలామందివి మిద్దెలే కాబట్టి, కిటికీల పైన వచ్చే సన్‌షేడు సంగతి కాస్త వివరంగా చెబుతాను. దానికి ఒక వైపే ఆసరా, రెండో వైపు గాలిలో ఉంటుంది. చాచిన చేతి మీద బరువు పెడితే లాగేది పైవైపు. అందుచేత ఇందులో ముఖ్యమైన కమ్మీలు పైభాగాన ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు తొక్కి వాటిని అడుగుకు దించేస్తారు. చూసేందుకు తేడా తెలీదు, కాని అలాంటి సన్‌షేడు గోడ మొదట్లో విరుగుతుంది. దాని వెనక కొసమీద గోడ లేచేదాకా కింద పెట్టిన పోట్లు తీయనివ్వకూడదు. కమ్మీలు అంచుకు మరీ దగ్గరగా ఉన్నా ముప్పే. చెమ్మ తగిలి పట్టే తుప్పు ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కాంక్రీటును పగలగొట్టుకుని పెచ్చులుగా రాలుస్తుంది. ఆ పెచ్చులు కిందనున్న వాళ్ళ నెత్తినే పడేది.

ఇక అడుగున గాడి. సన్‌షేడు కొసకు అంగుళం ఇవతల, చిటికెన వ్రేలు పట్టేంత గాడి పొడుగునా తీయించండి. వెనక్కి నడిచే నీరు అక్కడ ఆగి కింద పడిపోతుంది. ఖర్చు లేదు, సిమెంటు పచ్చిగా ఉండగా ఒక బద్ద పెట్టి లాగితే చాలు. బేల్దారి మేస్త్రీ మరచిపోతే ఎదురుగా నిలబడి గుర్తు చెయ్యండి, మొహమాటపడకండి. నా లెక్కలో టేకా జింకా అన్న ప్రశ్నకన్నా ఈ గాడి పెద్దది.

చూరుకు నీటి కాలువ కట్టించుకుంటే పదడుగులకు అరంగుళమైనా వాలు ఉండాలి. వినాయక చవితి నాటికి అందులోని వేపాకూ చింతాకూ తీయించి, పైనుంచి ఒక బిందెడు నీళ్ళు పోయించండి. మీరు కింద నిలబడి చూడండి. నీళ్ళు గోడ మీదికి వస్తే వెంటనే ఆచారికి కబురు పెట్టండి. అక్టోబరు వచ్చిందంటే ఆయన దొరకడు.