సీటు వచ్చిన తర్వాత మన పిల్లల చదువు

ఏటా పరీక్షల ఫలితాలు రాగానే మన సంఘాలన్నిటిలో ఒక మంచి కార్యక్రమం జరుగుతుంది. అదే గుణవంత విద్యార్థుల సత్కారం. పదో తరగతిలో, పన్నెండో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలను వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, నోటుపుస్తకాలు చేతిలో పెట్టి ఫోటో తీస్తాము. ఫలానా వారి అమ్మాయికి ఇంజనీరింగులో సీటు వచ్చిందని మైకులో చెప్పగానే వెనుక వరుసలో కూర్చున్న అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది. ఇది మనందరం గర్వించవలసిన ఘట్టమే.

కాని అదే పిల్లకు కొన్ని నెలల తర్వాత మొదటి సెమిస్టరు ఫలితాలు వస్తాయి. అప్పుడు వేదిక ఉండదు, మైకు ఉండదు. పన్నెండో తరగతి దాకా క్లాసులో మొదటి వరుసలో ఉన్న పిల్ల గణితంలో, మెకానిక్స్‌లో తప్పిందని ఇంట్లో చెప్పుకోలేక లోలోపల కుమిలిపోతుంది. బొంబాయి విద్యార్థుల భాషలో దీన్ని 'కేటీ తగలడం' అంటారు. తప్పిన సబ్జెక్టులు కొన్నింటిని వెంట పెట్టుకుని పై తరగతిలోకి వెళ్లనిచ్చే ఏటీకేటీ పద్ధతి నుంచి వచ్చిన మాట అది. అయితే మొదటి ఏడాది బాకీ అంతా తీరితే గాని సాధారణంగా మూడో ఏడాదిలో అడుగు పెట్టనివ్వరు. కొత్త పాఠాలు ఒకవైపు, పాత బాకీ ఒకవైపు. మన పిల్లలు చదువు మానుకునేది ఎక్కువగా ఇక్కడే.

కొన్నేళ్లుగా ఆదివారాలు వర్లీ, కామాఠీపుర ప్రాంతాల మన పిల్లలకు మొదటి ఏడాది గణితం, మెకానిక్స్ చెబుతూ నేను గమనించిన సంగతి ఇది. సీటు వచ్చేదాకా ఇల్లంతా, సంఘమంతా వెంట నడుస్తుంది. వచ్చిన మరునాటి నుంచి పిల్ల ఒంటరి అవుతుంది. అసలు తోడు కావలసింది అప్పుడే.

గల్లీ దీపాల వెలుగులో

చదువుకు తోడుగా నిలవడం మన చాల్‌లకు కొత్త కాదు. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి, బొంబాయి దీవుల మధ్య పల్లపు నేల మెల్లగా ఇళ్ల స్థలంగా మారినప్పుడు, నైజాం ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కూలీలే కామాఠీలు. వారి పేరే కామాఠీపురకు వచ్చింది. రాళ్లు మోసి, సున్నం కలిపి ఈ నగరం కట్టినవారిలో కొందరు గుత్తేదార్లుగా ఎదిగారు. మహాత్మా జోతిబా ఫూలే 1873లో పుణేలో సత్యశోధక సమాజం స్థాపించినప్పుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలిచిన వారిలో జయ కరాడి లింగు, వ్యంకు బాళోజీ కాలేవార్ వంటి తెలుగువారు ఉన్నారు. అక్షరం రాని కులాలకు అక్షరం అందాలని ఫూలే 1882లో హంటర్ కమిషన్ ముందు వాదించారు. ఆ ఉద్యమానికి మనవారి చేయూత ఉన్నదన్న సంగతి మన పిల్లలకు చెప్పవలసిన విషయం.

ఇంకొక విశేషం చూడండి. నేటి వీజేటీఐ 1887లో విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ పేరుతో ఏర్పడింది. 1923లో మాటుంగాకు తరలేవరకు అది నడిచింది కామాఠీపుర పక్కనున్న భాయఖళాలోనే. మిల్లులకు కావలసిన సాంకేతిక నిపుణులను తయారు చేసిన ఆ బడి మనవారి గల్లీలకు నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది. అయినా ఆ గేటు దాటడానికి మనకు తరాలు పట్టింది.

తర్వాత నల్లగొండ, కరీంనగర్, వరంగల్లు వైపు నుంచి పద్మశాలీ కుటుంబాలు మిల్లుల పనికి వచ్చి వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి, నాయ్‌గావ్ చాల్‌లలో కుదురుకున్నాయి. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు కట్టిన బీడీడీ చాల్‌లు నాలుగు చోట్ల కలిపి 207. ఒక్క వర్లీలోనే 121. ఒక్కొక్క దాంట్లో 80 ఖోలీలు. ఖోలీ 160 చదరపు అడుగులు. అందులోనే వంట, పడక, వచ్చిన చుట్టాలు. రాత్రి పాళీ చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రపోవాలంటే పిల్లలు పుస్తకాలు పట్టుకుని బయటికి రావలసిందే.

అలా బయటికి వచ్చిన పిల్లలే వర్లీలో ఒక వీధికి పేరు తెచ్చారు. సుదాం కాలూ అహిరే మార్గ్ అసలు పేరు. జనం నోట అది 'అభ్యాస్ గల్లీ'. చాల్‌ల పిల్లలు దశాబ్దాలుగా అక్కడి దీపాల వెలుగులో పుస్తకాలు పట్టుకుని చదువుకుంటున్నారు. ఇటీవలి ఏళ్లలో మునిసిపాలిటీ అక్కడ బల్లలు, మంచి దీపాలు ఏర్పాటు చేసింది. ఆ గల్లీ గొప్పతనం వెలుతురులో మాత్రమే లేదు. పదో తరగతి పిల్లవాడి పక్కన ఇంజనీరింగు పిల్లవాడు, వాడి పక్కన సి.ఏ. చదివేవాడు ఉంటారు. "అన్నా, జర ఈ లెక్క చూడు" అంటే చాలు, పుస్తకం చేతులు మారుతుంది. డబ్బులు లేని ట్యూషన్ అంటే అదే.

తడబాటు ఎక్కడ

మొదటి తడబాటు భాష. బొంబాయి మునిసిపాలిటీ మరాఠీ, హిందీ, ఉర్దూలతో పాటు తెలుగులో కూడా బడులు నడిపింది. అక్కడ చదివిన వారు మనలో ఎందరో ఉన్నారు. కాని పదకొండో తరగతి సైన్సులో అంతా ఇంగ్లీషు. ఇంగ్లీషు మీడియంలో చదివిన నేటి పిల్లలు కూడా పాఠం కంఠస్థం చేయగలరు గాని, "ఇందులో నీకేం అర్థమైంది?" అని అడిగితే నీళ్లు నములుతారు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, హిందీ, కాలేజీలో ఇంగ్లీషు. ఏ భాషలో ఆలోచించాలో తేలక విషయం మధ్యలో జారిపోతుంది.

ఇక్కడ మన ఇంటి భాష, మన ఇంటి పని ఎంత ఉపకరిస్తాయో ఒక ఉదాహరణ చెబుతాను. మెకానిక్స్‌లో 'ఫ్రీ బాడీ డయాగ్రమ్' అని ఒకటి ఉన్నది. ఒక వస్తువును చుట్టూ ఉన్నవాటి నుంచి విడదీసి, దాని మీద పనిచేసే బలాలన్నిటినీ బాణపు గుర్తులతో గీయాలి. పిల్లలు తరచు ఒక బాణం మరచిపోతారు. నేను మన తాతల పనిని గుర్తు చేస్తాను. కట్టడం మీద గిరకకు తాడు వేసి 20 కిలోల మాలు గమేలా పైకి లాగుతున్నాము. తాడు ఒక కొస గమేలాకు, రెండో కొస మన చేతిలో. గిరక వేలాడే కొక్కెం మీద బరువు ఎంత? ఇరవై అంటారు చాలామంది. గమేలా కిందికి ఇరవై లాగుతుంటే, మనమూ కిందికి ఇరవై లాగుతున్నాము కదా! కొక్కెం మోసేది నలభై, గిరక బరువు అదనం. ఒకసారి ఇలా మనసుకు పట్టిందంటే ఇక ఆ బాణం మరచిపోరు.

మాత్రికలు కూడా అంతే. నిలువు వరుసలు, అడ్డ వరుసలు అనగానే భయపడే పిల్లకు పడుగు, పేక గుర్తు చేస్తే చాలు. ఏ అడుగులో ఏ పోగు పైకి లేవాలి, ఏది కింద ఉండాలి అన్నది ఒకటి, సున్నాలతో రాస్తే అదే మాత్రిక. 1804లో ఫ్రాన్సులో జకార్డు చేసిన మగ్గం చిల్లుల అట్టలతో ఈ పనే చేసింది. ఆ అట్టలే తర్వాత బాబేజీకి లెక్కల యంత్రం ఆలోచనలో ఉపకరించాయి. నేతగాని మనుమరాలికి కంప్యూటరు పరాయిది కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

రెండో తడబాటు ఇంకా లోతైనది. మన పిల్లలు అడగరు. తనకు తప్ప అందరికీ అర్థమైందని అనుకుంటారు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లకు, ప్రొఫెసరు గదికి వెళ్లి సందేహం అడగవచ్చునన్న సంగతే తెలియదు. జర్నల్ ఎప్పుడు ఇవ్వాలి, పాత ప్రశ్నపత్రాలు ఎక్కడ దొరుకుతాయి అని చెప్పే అన్న, అక్క ఇంట్లో లేరు.

ఒంటరి చదువు, కలిసి చదువు

అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1970లలో యూరీ ట్రైజ్‌మన్ అనే గణిత అధ్యాపకుడు ఇదే చిక్కును పరిశీలించాడు. మంచి మార్కులతో వచ్చిన నల్లజాతి విద్యార్థులు మొదటి ఏడాది కాలిక్యులస్‌లో ఎందుకు వెనుకబడుతున్నారు? వారికి శ్రద్ధ లేదేమో, ఇంటి ప్రోత్సాహం లేదేమో అని అందరూ అనుకున్నారు. ఆయన వెంట తిరిగి చూస్తే తేలింది వేరు. వారు కష్టపడుతున్నారు, కాని ఒంటరిగా చదువుతున్నారు. చైనా సంతతి విద్యార్థులు ముందు ఎవరికి వారు చదివి, తర్వాత కలిసి కూర్చుని ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటున్నారు. ఆయన సులువైన పాఠాలు పెట్టలేదు. గుంపులుగా కూర్చోబెట్టి కష్టమైన లెక్కలే ఇచ్చాడు. ఫలితాలు చెప్పుకోదగినంతగా మారాయి.

అదే దేశంలో మిస్సోరీ - కాన్సాస్ సిటీ విశ్వవిద్యాలయంలో 1973లో మరొక పద్ధతి మొదలైంది. పిల్లలు ఎక్కువగా తప్పే సబ్జెక్టును గుర్తించి, అందులో నెగ్గిన పై తరగతి విద్యార్థిని వారానికి కొన్ని గంటలు కొత్తవారితో కూర్చోబెడతారు. మందమతులకు ప్రత్యేక తరగతి అన్న ముద్ర ఎవరి మీదా పడదు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు వ్యాపించింది. అభ్యాస్ గల్లీలో మన పిల్లలు ఎవరూ చెప్పకుండానే చేసినది కొంతవరకు ఇదే కదా!

మనం చేయగలిగినవి

మొదటిది, ఒక గది. ప్రతి సంఘానికి ఏదో ఒక హాలు ఉన్నది. పెళ్లిళ్లు, భజనలు లేని రోజుల్లో సాయంత్రం రెండు గంటలు దాన్ని అభ్యాసికగా తెరవవచ్చు. కావలసినవి దీపం, పంకా, పలక, తాళం చెవి పట్టుకునే ఒక పెద్దమనిషి.

రెండవది, ఒక అన్న లేదా అక్క. రెండో ఏడాది, మూడో ఏడాది పిల్లలను మొదటి ఏడాది వారితో కలపాలి. మొన్ననే ఆ లెక్కతో కుస్తీ పట్టినవారు అది ఎక్కడ మెలిక తిరుగుతుందో నాకంటే బాగా చెప్పగలరు. సత్కారం రోజునే ఈ జోడీలు కుదర్చవచ్చు.

మూడవది, పుస్తకాలు. కుంభోజ్‌కర్ గణితం, ఎన్.డి. భట్ డ్రాయింగ్ పుస్తకం బొంబాయి ఇంజనీరింగు ఇళ్లలో చేతులు మారేవే. మాటుంగా కింగ్స్ సర్కిల్ ఫుట్‌పాత్ మీద పాతవి కొని మళ్లీ అక్కడే అమ్మవచ్చు. సంఘం నాలుగు సెట్లు కొని పెట్టినా ఏటా కొందరి ఖర్చు తప్పుతుంది. ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ పాఠాలు 2003లో మొదలైన కృషి ఫలితంగా ఉచితంగా దొరుకుతున్నాయి. ఏఐసీటీఈ మొదటి ఏడాది పుస్తకాలను తెలుగుతో సహా పన్నెండు భారతీయ భాషల్లో తెచ్చింది. పరీక్ష ఇంగ్లీషులో రాసే పిల్ల కూడా పక్కన తెలుగు పుస్తకం పెట్టుకుంటే విషయం ముందు అర్థమవుతుంది, మాట తర్వాత వస్తుంది.

నాల్గవది, కాగితాల పని. మొదటి సెమిస్టరులో పాఠాలు వినవలసిన పిల్ల కచేరీల చుట్టూ తిరగడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మహారాష్ట్రలో కుల ధ్రువపత్రానికి ఓబీసీ, ఎస్‌బీసీ వర్గాలవారు 1967 అక్టోబరు 13కు ముందు నుంచి, ఎస్సీలు 1950 ఆగస్టు 10కి ముందు నుంచి కుటుంబం ఇక్కడ ఉన్నట్లు ఆధారం చూపాలి. తాతగారి బడి దాఖలా, పాత ఖోలీ అద్దె రసీదు, మిల్లు కాగితం పెట్టెలో ఉంటే ఇప్పుడే వెతికి పెట్టండి. బీడీలు చుట్టే తల్లులు కార్మిక గుర్తింపు కార్డు చేయించుకుంటే పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ వేతనం దొరుకుతుంది. 2024-25 నుంచి, ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉన్న ఓబీసీ, ఆర్థికంగా వెనుకబడిన కుటుంబాల ఆడపిల్లలకు వృత్తివిద్యలో ఫీజు పూర్తిగా మాఫీ చేస్తున్నది మహారాష్ట్ర ప్రభుత్వం. తెలియక వదులుకున్నవారు మనలోనే ఉన్నారు.

చాల్ పోయి టవరు వస్తే

1982 జనవరిలో మొదలైన మిల్లుల సమ్మెలో రెండు లక్షలకు పైగా కార్మికులు వీధిన పడ్డారు. అప్పుడు కూడా చాల్ పిల్లల చదువును చాల్ కాపాడింది. ఒక ఇంట్లో పొయ్యి వెలగకపోతే పక్క ఇంట్లో పళ్లెం పెట్టారు. నేడు ఆ చాల్‌లే పోతున్నాయి. వర్లీ బీడీడీ చాల్‌ల వారిలో మొదటి 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో 500 చదరపు అడుగుల కొత్త ఇళ్ల తాళాలు ఇచ్చారు. కామాఠీపుర పునర్నిర్మాణానికి మ్హాడా సన్నాహాలు చేస్తున్నది. మూడు తరాలు ఇరుకులో బతికిన మనకు ఇది సంతోషం. పిల్లకు ఒక మూల, ఒక తలుపు దొరుకుతాయి.

కాని తలుపు మూసుకుంటే "అన్నా, జర చూడు" అన్న మాట వినబడదు. ముప్పై అంతస్తుల టవరులో పక్క ఇంట్లో ఇంజనీరింగు చదివే అక్క ఉన్నదని ఎవరికి తెలుస్తుంది? అందుకే కొత్త సొసైటీల కమిటీలలో ఉన్న మన పెద్దలకు నా విన్నపం. గుడికి, వ్యాయామశాలకు చోటు అడిగినట్లే ఒక అభ్యాసికకు కూడా చోటు అడగండి. తాళాలు చేతికి రాకముందే అడగండి.

సంఘాల కార్యకర్తలకు మరొక మాట. సత్కారం చేసిన పిల్లల పేర్ల పట్టీ దాచి ఉంచండి. ఫలితాలు వచ్చిన వారంలో వారి ఇళ్లకు వెళ్లండి. పాసైతే మిఠాయి తినండి. కేటీ తగిలితే మందలించకండి. ఏ సబ్జెక్టు అని అడిగి, ఆదివారం ఎక్కడికి రావాలో చెప్పండి.