సూరత్ పార్కులు: స్థలం, నీరు, సంరక్షణ

సూరత్‌లో కొత్త పార్కులకు స్థలం ఎక్కువగా టౌన్ ప్లానింగ్ స్కీముల ద్వారా సమకూరుతుంది. స్థానికులు వాటిని క్లుప్తంగా టీపీ స్కీములంటారు. వీటికి మూలం 1915 నాటి బొంబాయి టౌన్ ప్లానింగ్ చట్టంలో ఉంది. ఇప్పుడు అమల్లో ఉన్నది 1976 నాటి గుజరాత్ చట్టం. ఊరు విస్తరించబోయే చోట రైతుల భూములన్నిటినీ కాగితం మీద ఒక్కటిగా కలుపుతారు. రోడ్లు గీసి, మిగిలిన నేలను సరైన ఆకారంలో ప్లాట్లు చేసి, పాత యజమానులకే తిరిగి ఇస్తారు. ఒక్కొక్కరి వాటా కొంత తగ్గుతుంది. ఈ కోత 40 శాతం వరకు ఉండవచ్చు. అందులో 15 శాతం రోడ్లకు, 5 శాతం పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ జాగాలకు, మరో 5 శాతం బడి, ఆస్పత్రి వంటి వాటికి పోతుంది. మిగతా 15 శాతం నేలను అమ్మి సదుపాయాల ఖర్చు రాబట్టుకోవచ్చు. రోడ్డు పడ్డాక మిగిలిన నేల ధర పెరుగుతుంది కనుక రైతుకూ గిట్టుబాటు అవుతుంది. 2015లో అమరావతి కోసం జరిగిన భూసమీకరణకు దీనితో పోలికలు చాలా ఉన్నాయి.

నూటికి అయిదు గజాలంటే తక్కువే. అయినా అది ఇళ్లు లేవకముందే నగరం చేతికి వచ్చే నేల. 2011 జనాభా లెక్కల నాటికే సూరత్‌లో 44 లక్షలకు పైగా జనం ఉన్నారు. ఇళ్లు కిక్కిరిసిపోయాక అలాంటి ఊళ్లో ఎకరం కొనాలంటే ఏ పురపాలక సంస్థకైనా తలకు మించిన పనే.

చేతికి వచ్చిన స్థలం నిలవడం మరో సంగతి. కంచె, బోర్డు లేని పార్కు జాగా ముందు చెత్తకుప్ప అవుతుంది, తర్వాత బండ్లు నిలిపే చోటవుతుంది, ఆ పైన ఎవరిదో ప్రహరీ లేస్తుంది. తెలుగు రాష్ట్రాల్లోనూ లేఅవుట్ వేసేవారు 10 శాతం స్థలం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలి. ఆ జాగాలు ఎన్ని కాలనీల్లో తగాదాల పాలయ్యాయో పత్రికలు చదివేవారికి తెలుసు. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇచ్చినప్పుడు, 1991లో సుప్రీంకోర్టు అది చెల్లదని తీర్పు చెప్పింది. ఆస్పత్రి కూడా మంచిదే కదా అన్న వాదన నిలవలేదు. పార్కు స్థలం కాపాడుకోవాలనుకునే కాలనీవాసులకు ఈ తీర్పు ఇప్పటికీ గట్టి ఆధారం.

సూరత్‌లో పాత తోటలూ ఉన్నాయి. చౌక్ బజార్‌లో కోట పక్కన గాంధీ బాగ్, అఠ్వా లైన్స్‌లో జనం చౌపాటీ అని పిలుచుకునే నెహ్రూ గార్డెన్ వాటిలో ముఖ్యమైనవి. 1984లో మొదలైన సర్థానా నేచర్ పార్కు 81 ఎకరాల్లో జంతు ప్రదర్శనశాలతో కూడినది. 1510 ప్రాంతంలో మలిక్ గోపి తవ్వించిన గోపీ తలావ్ ఎండి పాడుబడితే, నగరపాలక సంస్థ దాన్ని బాగుచేయించి 2015లో జనానికి తెరిచింది. చెరువు బాగుపడితే చుట్టూ నడకదారి, చెట్లు, చల్లగాలి దక్కుతాయి. వానాకాలం నీళ్లు నిలవడానికి చోటు కూడా దొరుకుతుంది. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి 9 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు తాపీ నది ఊరిలో ఎక్కువ భాగాన్ని ముంచింది. అంతటి వరదను ఏ తోటా ఆపలేదు. కానీ ఏటా కురిసే కుండపోతల్లో వీధి నీటిని కొన్ని గంటలు నిలుపుకోగల పల్లపు పార్కు కాంక్రీటు మైదానం కన్నా ఎంతో మేలు.

పార్కు నిర్వహణలో అసలు చిక్కులు నేల, నీటి దగ్గర వస్తాయి. సూరత్ ప్రాంతానిది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. కింద మొరం పొర గట్టిగా వేయకుండా టైల్స్ పరిస్తే నడకదారి రెండు వానాకాలాలకే ఎగుడుదిగుడవుతుంది. వాన దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. మిగతా ఎనిమిది నెలలు పచ్చికకు నీళ్లు పెట్టాల్సిందే. ఎండాకాలంలో ఒక ఎకరం పచ్చికకు రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే, అది 20 వేల లీటర్లు. ఫొటోలో పచ్చిక అందంగానే ఉంటుంది. కానీ మధ్యాహ్నం నీడనివ్వదు. వేప, కానుగ, రావి, నేరేడు వంటి చెట్లకు మొదటి రెండు మూడేళ్లు నీళ్లు పోస్తే చాలు, ఆ తర్వాత తమ దారి తాము చూసుకుంటాయి. పిల్లలు ఆడే చోటే పచ్చిక ఉంచి, మిగతా నేలను చెట్లకు వదలడం మంచిది.

నీటి విషయంలో సూరత్ ఒక దారి వేసింది. 2014లో బమ్రోలీలో మురుగునీటిని రోజుకు 4 కోట్ల లీటర్ల మేర మూడో దశ వరకు శుద్ధిచేసి, పాండేసరాలోని అద్దకం, ప్రాసెసింగ్ మిల్లులకు అమ్మడం మొదలుపెట్టింది. మిల్లులకే పనికొచ్చే నీరు మొక్కలకు పనికొస్తుంది. తాగునీటితో తోటలు తడపడం ఏ ఊరిలోనైనా మానుకోదగ్గ అలవాటు.

త్వరగా పచ్చదనం చూపించాలన్న ఆత్రం ఎంత చెరుపు చేస్తుందో కోనోకార్పస్ చెబుతుంది. ఏడాదిలోనే గోడలా ఎదిగే ఈ మొక్కను దేశంలో ఎన్నో ఊళ్లు డివైడర్ల మీద, పార్కుల అంచున వరసలుగా నాటాయి. దీని పుప్పొడితో జలుబు, దగ్గు, ఉబ్బసం వస్తున్నాయని, వేళ్లు కేబుళ్లను, మురుగు పైపులను దెబ్బతీస్తున్నాయని చెబుతూ గుజరాత్ ప్రభుత్వం 2023 సెప్టెంబరులో దీన్ని నాటడాన్ని నిషేధించింది. తెలంగాణ అంతకు ముందే ఆ పని చేసింది. నిదానంగా పెరిగే వేపను నాటి ఉంటే ఈ తంటా ఉండేది కాదు.

తోట ప్రారంభోత్సవం ఒక్క రోజులో ముగుస్తుంది. ఊడ్చడం, కత్తిరించడం, వానలకు ముందే ఎండుకొమ్మలు కొట్టడం, మాడిన దీపం మార్చడం, మరుగుదొడ్డి కడగడం ఎప్పటికీ ముగియవు. ఇలాంటి పనులు ఎలా జరగాలో సూరత్ కష్టంలో నేర్చుకుంది. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చి లక్షల మంది ఊరు విడిచిపోయారు. 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని ఆరు జోన్లుగా చేసి, అధికారాలు కింది అధికారులకు పంచి, పైవాళ్లు గదులు వదిలి రోజూ వీధుల్లో తిరిగేలా చేశారు. ఆనాడు దృష్టి చెత్త మీద ఉంది. కానీ పార్కుకూ అదే సూత్రం వర్తిస్తుంది. పగిలిన ఉయ్యాల బాగు చేయించడానికి ఫైలు ప్రధాన కార్యాలయం దాకా వెళ్లి రావాల్సి వస్తే ఆ ఉయ్యాల తుప్పు పడుతుంది. కొన్ని తోటలను కంపెనీలకు, సంస్థలకు అప్పగించే పద్ధతీ ఇక్కడ ఉంది. ఖర్చు తగ్గుతుంది, నిజమే. అయితే ప్రవేశ రుసుము, తలుపులు తీసే వేళలు, ప్రకటనల బోర్డుల సంఖ్య నగరపాలక సంస్థ చేతిలోనే ఉండాలి. లేకపోతే అది పార్కు పేరుతో నడిచే వ్యాపారమవుతుంది.

పార్కు అవసరం అన్నిటికన్నా ఎక్కువున్నది మగ్గాల పేటల్లో. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తరాలుగా ఉంటున్నాయి. ఒకే గదిలో ఇంటిల్లిపాదీ గడిపే చోట, పన్నెండు గంటలు మగ్గాల హోరులో నిలబడి వచ్చిన మనిషికి నాలుగు చెట్లు, ఒక బెంచీ విలాసమేమీ కాదు. ఉదయపు నడకకు వచ్చేవారిని మాత్రమే తలచుకుని వేళలు పెడితే రాత్రి షిఫ్టు దిగివచ్చే కార్మికుడికి గేటు మూసే ఉంటుంది. దీపాలు, నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి లేకుంటే ఆడవాళ్లు, ముసలివాళ్లు రారు. సూరత్ నగరపాలక సంస్థ ఏడు మాధ్యమాల్లో బడులు నడుపుతోంది, వాటిలో తెలుగు ఒకటి. ఆ పేటల పార్కుల్లో వేళలు, ఫిర్యాదు చేయాల్సిన నంబరు, చెట్ల పేర్లు గుజరాతీతో పాటు తెలుగులో, ఒడియాలో కూడా రాయించడం ఆ సంస్థకు పెద్ద పనేమీ కాదు.